పెద్ద పేరు, చిన్న పెట్టె

1980లలో ఇన్ఫినిటీ అనే అమెరికన్ కంపెనీ ‘ఐఆర్‌ఎస్ ఫైవ్’ పేరుతో ఓ స్పీకర్ల సెట్ అమ్మేది. సెట్ అంటే రెండు పెట్టెలు కాదు, ఏడడుగుల పైచిలుకు ఎత్తున్న నాలుగు స్తంభాలు. అందులో రెండు స్తంభాలు ఒక్క బాస్ కోసమే. ఒక్కోదాంట్లో ఆరేసి పన్నెండంగుళాల వూఫర్లు. కొనాలంటే డబ్బుంటే చాలదు, దానికి తగ్గ హాలు కూడా ఉండాలి.

అదే ఇన్ఫినిటీ పేరు ఇప్పుడు మన దగ్గర అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్ మీద కనిపిస్తోంది. ఆ బ్రాండ్ యజమాని హర్మన్ 2018లో దాన్ని భారత మార్కెట్లో చౌక సరుకు కోసం దించింది. పండగ సేల్‌లో ఫోన్ కవరు, చార్జరుతో పాటు దాన్నీ కార్టులో వేసుకునేవాళ్ళు బోలెడుమంది. ఐఆర్‌ఎస్ ఫైవ్ సంగతి వాళ్ళలో ఎందరికి తెలుసు? తెలియకపోతే వచ్చే నష్టమూ లేదు. ఆ స్తంభాలకూ ఈ డబ్బాకూ పేరు తప్ప చుట్టరికం లేదు.

అలాగని పెద్ద కంపెనీ చిన్న స్పీకర్ చేసిన ప్రతిసారీ మనకు దక్కేది స్టిక్కరొక్కటే అనుకుంటే పొరపాటు. కొన్నిసార్లు నిజంగానే పై అంతస్తు విద్య కింది అంతస్తుకు దిగుతుంది. ఏది దిగింది, ఏది దిగలేదు అని చూడటం నేర్చుకుంటే షాపువాడి మాటలు సగం అక్కర్లేదు.

ఒకే చేత్తో రెండు గీతలు

ఆండ్రూ జోన్స్ ఇంగ్లండ్ మనిషి. భౌతికశాస్త్రం చదువుకుని కెఫ్ అనే స్పీకర్ల కంపెనీలో చేరాడు, కొంతకాలం ఇన్ఫినిటీలోనూ చేశాడు. ఆ తర్వాత జపాన్ కంపెనీ పయనీర్ పిలిస్తే వెళ్ళి, వాళ్ళ ఖరీదైన విభాగం ‘టాడ్’కు స్పీకర్లు గీశాడు. టాడ్ రిఫరెన్స్ వన్ అనే జత ధర అప్పట్లో డెబ్బై వేల డాలర్లకు పైమాటే. ఒక్కో స్పీకరు బరువు 150 కిలోలు. పై శ్రుతులు పలికే ట్వీటరూ, మధ్య శ్రుతులు పలికే డ్రైవరూ బెరీలియంతో చేసినవి. నలుగురు మనుషులు లేకుండా లారీలోంచి దిగదు.

2012లో అదే మనిషి అదే పయనీర్‌కు ఎస్పీ-బీఎస్22 అనే చిన్న జత గీశాడు. అమెరికాలో అప్పుడు జత 130 డాలర్లు. అంటే టాడ్ ధరలో అయిదు వందో వంతుకన్నా తక్కువ.

అందులో ఏముందో విప్పి చూస్తే అసలు కథ తెలుస్తుంది. నాలుగంగుళాల వూఫరు, ఒక అంగుళం బట్ట గోపురం ట్వీటరు. ఇవి ఎవరైనా పెడతారు. కానీ పక్క గోడలు తిన్నగా లేవు, వంపు తిరిగి ఉన్నాయి. ఎదురెదురుగా తిన్నటి గోడలుంటే పెట్టె లోపల కొన్ని శ్రుతులు అటూ ఇటూ కొట్టుకుని మోగుతూ ఉండిపోతాయి. వంపు ఆ మోతను తగ్గిస్తుంది, పెట్టెకు బిగువునూ ఇస్తుంది. ఇక వెనక్కి తిప్పి క్రాసోవర్ చూస్తే అందులో ఆరు భాగాలున్నాయి. బల్ల మీద పెట్టుకునే చవక స్పీకర్లలో చాలావాటికి ట్వీటరు ముందు ఒక కెపాసిటర్ తగిలించి ఊరుకుంటారు. వూఫరును దాని ఇష్టానికి వదిలేస్తారు.

ఈ ఆరు భాగాల గొడవ ఎందుకంటే, వూఫరు ఎక్కడ ఆగాలో ట్వీటరు ఎక్కడ అందుకోవాలో తేల్చేది క్రాసోవరే. సాధారణంగా ఈ చేతులు మారే చోటు రెండు మూడు వేల హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మనిషి గొంతులో మాట స్పష్టతంతా ఆ చుట్టుపక్కలే. అక్కడ రెండు డ్రైవర్లూ ఒకదాని మీద ఒకటి పడి అరిచాయో, సుశీలమ్మ గొంతు గరుకెక్కుతుంది. బాలు పలికే ‘శ’, ‘ష’, ‘స’ మూడూ ఒకే చప్పుడైపోతాయి. అందరం ‘ఈ స్పీకరు కాస్త గోలగా ఉంది’ అని తేల్చేసేది ఈ లోపాన్నే.

వంపు పెట్టెకు అచ్చు చేయించే ఖర్చు ఒకసారిదే. క్రాసోవర్ లెక్క కట్టడానికి పట్టే నెలలూ ఒకసారివే. లక్ష జతలు అమ్మితే ఆ ఖర్చు జతకు చిల్లరగా మారుతుంది. బెరీలియం, భారీ అయస్కాంతం, మందపాటి చెక్క, ఓడ కిరాయి అలా కాదు. వాటికి జత జతకూ డబ్బు కట్టాల్సిందే. లెక్క ఎంతమందికైనా పంచవచ్చు గానీ బరువు అలా పంచుకునేది కాదు.

జోన్స్ ఆ తర్వాత ఎలాక్ అనే కంపెనీకి వెళ్ళి 2015లో డెబ్యూ బీ5 అనే మరో చవక స్పీకరు చేశాడు. అదీ అలాంటి పేరే తెచ్చుకుంది. పయనీర్, ఎలాక్ పేర్లు వేరైనా విన్నవాళ్ళు మెచ్చుకున్నది ఒకే చేతిపనిని.

నాలుగు కిలోలూ, నూరు కిలోలూ

మరీ అంత చవక కాని చోట, అంటే అసలైన ఖరీదు బ్రాండ్ తన పేరుతోనే కింది మెట్టు వేసిన చోట చూద్దాం. బవర్స్ అండ్ విల్కిన్స్‌కు మించిన ఉదాహరణ ఉండదు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని వర్దింగ్‌లో జాన్ బవర్స్, రాయ్ విల్కిన్స్ కలిసి నడిపిన ఎలక్ట్రానిక్స్ దుకాణం నుంచి 1966లో పుట్టిందీ స్పీకర్ల కంపెనీ. బవర్స్ చేసిచ్చిన స్పీకర్లు విని మురిసిపోయిన ఓ పెద్దావిడ తన వీలునామాలో అతనికి పదివేల పౌండ్లు రాసి వెళ్ళింది. ఆ సొమ్ముతోనే కంపెనీ నిలదొక్కుకుంది. లండన్ అబే రోడ్ స్టూడియోలో వీళ్ళ 801 స్పీకర్లు 1980ల నుంచీ ఉన్నాయి.

801లో 2021 నాటి డీ4 రకం జత ధర బ్రిటన్‌లో అప్పట్లో 26,000 పౌండ్లు. 2018లో వచ్చిన చిన్న తమ్ముడు 607 జత అప్పుడు 399 పౌండ్లు. పెద్దది ఒక్కోటి నూరు కిలోలుంటే, చిన్నది అయిదు కిలోలు కూడా తూగదు.

ఇక్కడ దిగివచ్చిన విద్య ఏమిటో స్పష్టంగా చూపించవచ్చు. ఈ కంపెనీ స్పీకరు అనగానే పసుపురంగు కెవ్లార్ కోను గుర్తొచ్చేది. 2015లో దాన్ని వదిలేసి, కాంటినమ్ అనే వెండిరంగు నేత కోనును ముందు తమ ఖరీదైన 800 వరుసలో పెట్టారు. మూడేళ్ళకే అది 607లోకి వచ్చింది. కోను ఊగేటప్పుడు దాని అంచుల దగ్గర పుట్టే పిచ్చి కంపనాలను ఎలా అణచాలన్నదే ఆ నేత వెనకున్న లెక్క. గొంతు మీద ఆ తేడా తెలుస్తుంది. మంగళంపల్లి ఆలాపన పెడితే, గొంతు పెట్టెలోంచి కాక రెండు పెట్టెల మధ్య ఖాళీలోంచి వస్తున్నట్టుంటుంది. ఇది మాత్రం నేత వల్ల కాదు, చిన్న స్పీకర్ల సుగుణం. సన్నటి ముఖం కాబట్టి ధ్వని చుట్టూ సాఫీగా పాకుతుంది. ఈ ఒక్క విషయంలో చిన్నది పెద్దదానికి బాగానే పోటీ ఇస్తుంది.

దిగని వాటి మాటకొస్తే, 801లోని వజ్రపు ట్వీటరు దిగలేదు. దాని బదులు అల్యూమినియం పెట్టారు. ఆ లోటు నాకంత పెద్దదిగా అనిపించదు. అసలు లోటు బాస్. ఒక శ్రుతిని ఒక స్థాయి కిందికి, అంటే సగం ఫ్రీక్వెన్సీకి దించి, అదే హోరుతో పలికించాలంటే కోను నాలుగింతలు ముందుకీ వెనక్కీ కదలాలి. 80 హెర్ట్జ్ దగ్గర హాయిగా ఉన్న అయిదంగుళాల కోను 40 దగ్గర చేతులెత్తేస్తుంది. 801లో పదంగుళాల వూఫర్లు రెండు. చిన్నదాని కోనుతో పోలిస్తే గాలిని నెట్టే వైశాల్యం సుమారు ఎనిమిది రెట్లు. ఈ తేడాను ఏ నేతా పూడ్చలేదు.

రెండో లోటు గురించి షాపులో ఎవరూ చెప్పరు. 607 సున్నితత్వం 84 డెసిబెల్స్, 801ది 90. ఆ ఆరు డెసిబెల్స్‌కు అర్థం, అంతే శబ్దం రావాలంటే చిన్నదానికి నాలుగు రెట్లు కరెంటు తాగించాలని. స్పీకరు చవకగా వచ్చిందని, ఇంట్లో పడున్న పాత యాంప్లిఫయర్‌కు తగిలిస్తే అది నీరసంగానే పలుకుతుంది. కింది మెట్టు స్పీకర్ల అసలు ధర తెలియాలంటే యాంప్లిఫయర్ బిల్లునూ కలిపి చూడాలి.

ఇంకో సంగతుంది, రుచికి సంబంధించింది. 607లో పై శ్రుతులు కాస్త ఎత్తి పెట్టి ఉంటాయి. షోరూంలో పది నిమిషాలు వింటే ‘అబ్బ, ఎంత స్పష్టం’ అనిపించేది దానివల్లే. రెండు గంటలు వింటే చెవి అలసిపోయేదీ దానివల్లే. ఇది డబ్బు లేక వచ్చిన లోపం కాదు, కావాలని చేసిన ఎంపిక. నాకు నచ్చని ఎంపిక. పక్క స్పీకరుతో పోల్చి వినేటప్పుడు మెరిసేలా తయారుచేసిన సరుకు ఇంట్లో రోజూ వినేవాడికి సుఖమివ్వదు.

కళ్ళు మూసుకుంటే

అంచనా అన్నది చెవిలో పుట్టదు. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఓలివ్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో బయటపెట్టిన ప్రయోగం ఒకటుంది. హర్మన్ ఉద్యోగులు నలభైమందిని కూర్చోబెట్టి నాలుగు స్పీకర్లు వినిపించారు. వాటిలో తమ కంపెనీ పెద్ద స్పీకర్లున్నాయి, పోటీ కంపెనీ ఖరీదైనదుంది, చివరగా ఓ ప్లాస్టిక్ బుల్లి శాటిలైట్ స్పీకర్లూ సబ్‌వూఫరూ ఉన్న చవక సెట్ ఉంది. తెర కట్టి వినిపిస్తే బుల్లి సెట్ పెద్దవాటికి దగ్గర దగ్గరగా మార్కులు తెచ్చుకుంది. తెర తీసి వినిపిస్తే దాని మార్కులు పడిపోయాయి, పెద్దవాటివి పెరిగాయి. వాళ్ళేమీ అమాయకులు కారు, ధ్వని కంపెనీలో పనిచేసేవాళ్ళు.

ఇదే ప్రయోగాన్ని పేరుకు వర్తింపజేస్తే మన సమస్య రెండు వైపులా పదునున్నదని తెలుస్తుంది. బిళ్ళ మీద పెద్ద పేరుంటే, లేని గొప్పతనం వినిపిస్తుంది. ఆ బ్రాండ్‌లో ఇదే అన్నిటికన్నా చవకదని తెలిస్తే, ఉన్న గొప్పతనం కూడా చెవికెక్కదు. ‘ఎంతైనా కింది రకమే కదా’ అని మనసు ముందే కోత కోసేస్తుంది. అదే ఓలివ్ 2004లో డెబ్బై స్పీకర్ల మీద చేసిన మరో పరిశీలనలో, శ్రోతల ఇష్టంలో దాదాపు 30 శాతం బాస్‌ను బట్టే ఉంటుందని తేలింది. కింది మెట్టు స్పీకర్లు ఓడిపోయే చోటు సరిగ్గా అదే.

పేరు నిలకడ సంగతి కూడా చెప్పుకోవాలి. హర్మన్‌ను 2017లో 800 కోట్ల డాలర్లకు శాంసంగ్ కొంది. బవర్స్ అండ్ విల్కిన్స్ చేతులు మారి మారి, మధ్యలో వేలికి తగిలించే ఆక్సీమీటర్లు చేసే మాసిమో దగ్గరకు చేరి, 2025లో హర్మన్ గూటికే వచ్చింది. సినిమా హాల్లో తెర వెనకుండే జేబీఎల్ కూడా అదే ఇంటిది. ఇన్ఫినిటీకి పట్టిన గతి వీటిలో దేనికైనా ఎప్పుడైనా పట్టొచ్చు. అందుకే పేరును కాక, మోడల్‌ను అడగడం మంచిది.

మన హాల్లో

మన ఇళ్ళ నేల విట్రిఫైడ్ టైల్స్, లేదా గ్రానైటు. గోడలు నున్నటి పుట్టీ. పై శ్రుతులు వీటి మీద పడి బంతుల్లా తిరిగొస్తాయి. ఐరోపాలో తివాచీ పరిచిన గదిలో ‘స్పష్టం’ అనిపించిన ట్వీటరు మన దగ్గర గుచ్చుతుంది. స్పీకర్ల ముందు ఓ జంపఖానా పరచి, కిటికీకి మందపాటి కర్టెన్ వేస్తే జరిగే మేలు, రెండింతల ధర పెట్టి పై మోడల్ కొన్నా జరగకపోవచ్చు.

ఆ తర్వాత, స్పీకరును షోకేసు గూట్లోకి దూర్చకండి. చాలావాటికి వెనకవైపు గాలి గొట్టం ఉంటుంది. గోడకు ఆనించి పెడితే బాస్ ఉబ్బి, డప్పూ ఢోలకూ బాస్ గిటారూ అన్నీ ఒకే ‘బుం’ అయిపోతాయి. 607తో పాటు స్పాంజి బిరడాలు ఇచ్చేది ఇందుకే. జాగా లేనివాళ్ళు ఆ గొట్టం మూసుకోవచ్చు. మనవాళ్ళు వాటిని ప్యాకింగ్ సామాననుకుని పారేస్తుంటారు.

ఏం వింటారన్నది ఇంకా ముఖ్యం. 1950ల ఘంటసాల పాటల్లో అడుగు బాసూ లేదు, పై తళుకూ లేదు. ఆనాటి రికార్డింగు పట్టుకున్నది మధ్య శ్రుతులనే. వాటికి మంచి క్రాసోవరున్న చిన్న స్పీకరు పూర్తి న్యాయం చేస్తుంది, ఇరవై ఆరు వేల పౌండ్లు పెట్టినా ఆ రికార్డింగులో లేనిది రాదు. కర్ణాటక కచేరీలూ అంతే, మృదంగం ఎడమవైపు గుంభనం కాస్త పలచబడుతుందేమో. కొత్త సినిమాల నేపథ్య సంగీతం సోఫా అదరగొట్టాలనుకునేవాళ్ళకు మాత్రం ఈ పెట్టెలు నప్పవు. ఆ డబ్బుకు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికే సబ్‌వూఫర్ సెట్టే వాళ్ళను ఎక్కువ సంతోషపెడుతుంది. అందులో చిన్నతనమేమీ లేదు.

ఇన్ని చెప్పాక కూడా, నన్నడిగితే మంచి ఇంజినీరు గీసిన కింది మెట్టు స్పీకరుకే ఓటు. షాపుకు వెళ్ళేటప్పుడు మీకు కంఠతా వచ్చిన పాట తీసుకెళ్ళండి, డెమో కోసం వాళ్ళు పెట్టే జాజ్ వద్దనండి. ‘గీతాంజలి’లో ఏదైనా పాట పెట్టించి ఇళయరాజా బాస్ గిటార్‌ను వెంబడించండి. ప్రతి స్వరం విడివిడిగా నడుస్తోందా, లేక కొన్ని స్వరాలు మాత్రం ఎగిరెగిరి మోగుతున్నాయా చూడండి. ఎగిరితే అది పెట్టె మోత, గిటారు కాదు. శబ్దం తగ్గించి మాట తెలుస్తోందో లేదో కూడా చూడండి. అరగంట విన్నాక కూడా వాల్యూమ్ తగ్గించాలనిపించకపోతే బేరం మొదలుపెట్టవచ్చు. సబ్‌వూఫర్ సంగతి ఆర్నెల్లు ఆగి చూసుకోవచ్చు.