మరమనిషి మాఫీ చెల్లుతుందా?

ఒక జుమా నాడు నమాజు ముగిసి జనం వెళ్ళిపోతున్న వేళ, కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన ఒక యువకుడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. అతని తండ్రి చనిపోయి అప్పటికి నలభై రోజులు కూడా కాలేదు. తల్లి ఇద్దత్‌లో ఉంది. "హజ్రత్, ఒక మసలా అడగాలి" అంటూ ఫోన్ తీశాడు. తండ్రి బతికి ఉండగా కువైట్‌కు పంపిన వాయిస్ మెసేజ్‌లు అందులో వందకు పైగా ఉన్నాయట. వాటిని కంప్యూటర్‌కు ఇస్తే అది ఆ గొంతు నేర్చుకుంటుందని, మనం ఏది అడిగినా ఆయన గొంతుతోనే జవాబు చెబుతుందని అక్కడి మిత్రుడొకడు చెప్పాడట. "అమ్మీ రాత్రుళ్ళు నిద్రపోవడం లేదు. అబ్బా గొంతు వింటే కాస్త కుదుటపడుతుంది. చేయించవచ్చా?"

నేను ముఫ్తీని కాను, పిల్లలకు అరబ్బీ వ్యాకరణం, తర్జుమా చెప్పుకునే ఉపాధ్యాయుణ్ణి. ఫత్వా కావాలంటే ముఫ్తీ సాహెబ్ దగ్గరికి వెళ్ళమన్నాను. కానీ ఆ మాట అక్కడితో వదిలేయలేకపోయాను. తెలిసినవారిని విచారించాను, కొన్ని పుస్తకాలు తిరగేశాను. ఈ ప్రశ్న మన కంటే ముందు కథలు రాసేవారికి తట్టిందని తెలిసింది.

2013లో బ్రిటన్ టెలివిజన్‌లో 'బ్లాక్ మిర్రర్' అనే ధారావాహికలో 'బీ రైట్ బ్యాక్' అనే కథ వచ్చింది. ఒక యువతి సహచరుడు ప్రమాదంలో చనిపోతాడు. అతను రాసిన ఉత్తరాలు, సందేశాలు, మాటలు అన్నీ ఒక యంత్రానికి అప్పగిస్తే, అది అతనిలాగే మాట్లాడడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత అదే రూపంతో ఒక బొమ్మ కూడా ఇంటికి వస్తుంది. మొదట్లో ఆమెకు ఎంతో ఊరట. రానురాను అదే బాధ. ఆ బొమ్మ చెప్పినట్టు వింటుంది, ఎదురు చెప్పదు, అలగదు. తన సహచరుడు ఇలా ఉండేవాడు కాదు కదా! చివరికి దాన్ని పారేయలేక, కలిసి బతకలేక, అటక మీద ఉంచేస్తుంది. ఇది కథ. 2020 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని ఎంబీసీ అనే టీవీ సంస్థ, జబ్బుతో కన్నుమూసిన ఒక చిన్నారిని కంప్యూటర్ బొమ్మగా చేసి, కళ్ళకు ప్రత్యేక అద్దాలు తొడిగిన తల్లి ముందు నిలబెట్టింది. ఆ తల్లి చేతులు చాచి గాలిని తడుముకున్న దృశ్యం లోకమంతా చూసింది. ఏడేళ్ళలో కథ ఇంటి గుమ్మం దాకా వచ్చిందన్నమాట.

పాఠకులారా, మరణాన్ని జయించాలనే ఆశ కొత్తది కాదు. షైతాన్ మన ఆదిపితామహులు హజ్రత్ ఆదం (అ) గారిని ఏ ఎర చూపి మోసగించాడో దివ్య ఖుర్ఆన్‌లోని తాహా సూరా తెలియజేస్తోంది. శాశ్వత జీవితాన్నిచ్చే చెట్టు చూపిస్తానన్నాడు. స్వర్గంలో ఉన్న మనిషికి కూడా ఆ ఆశే వల అయింది. వెయ్యేళ్ళు బతికితే బాగుండునని కోరుకునేవారి ప్రస్తావన బఖరా సూరాలో ఉంది. అంత ఆయుష్షు దొరికినా అది వారిని శిక్ష నుంచి తప్పించలేదని కూడా అక్కడే ఉంది. ఆబె హయాత్ కోసం చీకటి లోకంలో వెతికిన సికందర్ కథను ఫార్సీ, ఉర్దూ తెలిసిన మన పెద్దలు ఎన్ని రాత్రులు చెప్పలేదు! ఆ కథలో సికందర్ దప్పికతోనే వెనక్కి తిరుగుతాడు.

దొరికితే ఏమవుతుందో ఆలోచించినవాడు ఐర్లాండుకు చెందిన ఒక క్రైస్తవ మతగురువు. ఆయన పేరు జొనాథన్ స్విఫ్ట్. 1726లో అచ్చయిన ఆయన 'గలివర్ యాత్రలు' పుస్తకాన్ని మన పిల్లలు మరుగుజ్జుల కథగానే చదువుతారు. దాని మూడో భాగంలో చావు లేని మనుషులు ఉన్నారని చాలామందికి తెలియదు. వారు నుదుట ఎర్రటి మచ్చతో పుడతారు. గలివర్ మొదట ఎంత అదృష్టమో అనుకుంటాడు. తీరా చూస్తే వారికి చావు లేదు గానీ ముసలితనం ఉంది. ఎనభై ఏళ్ళు నిండగానే చట్టం వారిని చనిపోయినవారిగా లెక్కగట్టి ఆస్తి వారసులకు ఇచ్చేస్తుంది. పళ్ళు ఊడిపోతాయి, రుచి తెలియదు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతారు గనుక పుస్తకం కూడా చదవలేరు. కొన్ని తరాలకు దేశభాషే మారిపోయి, పుట్టిన ఊళ్ళోనే పరదేశులవుతారు. ఎవరి జనాజా... క్షమించాలి, ఎవరి శవయాత్ర ఎదురైనా వారికి అసూయ కలుగుతుందట!

ఈ భాగం చదువుతుంటే నాకు మన ప్రవక్త ముహమ్మద్ (స) నేర్పిన ఒక దుఆ గుర్తొచ్చింది. పిరికితనం నుంచి, పిసినారితనం నుంచి శరణు కోరినట్టే, 'అర్జలిల్ ఉముర్' నుంచి, అంటే తెలిసినదంతా తెలియకుండా పోయే నికృష్టమైన వయసు నుంచి కూడా శరణు కోరమన్నారు. దీర్ఘాయుష్షు ఇవ్వమని దీవించే మనం ఈ దుఆను మాత్రం పిల్లలకు నేర్పడం మరిచిపోయాం.

మనిషిని మనిషిగా చేసేది ఏమిటి అని కథ రూపంలో వెతికినవారిలో మనవాళ్ళు ముందున్నారు. స్పెయిన్‌లో గ్రనాడా దగ్గర పుట్టి, అల్ మొహద్ సుల్తాను అబూ యాఖూబ్ యూసుఫ్‌కు వైద్యుడిగా ఉండి, 1185లో మరాకిష్‌లో కన్నుమూసిన ఇబ్నె తుఫైల్, 'హయ్ బిన్ యఖ్‌జాన్' అనే కథ రాశారు. మనుషులు లేని దీవిలో ఒక పసివాణ్ణి లేడి పాలిచ్చి పెంచుతుంది. ఒకరోజు ఆ లేడి చనిపోతుంది. పిల్లవాడు పిలుస్తాడు, పలకదు. కళ్ళు చూస్తాడు, చెవులు చూస్తాడు, అన్నీ ఉన్నాయి. ఏదో అడ్డం పడి ఉంటుంది, తీసేస్తే లేస్తుందని రాతి ముక్కతో రొమ్ము కోసి గుండె దాకా వెళతాడు. గుండెలో ఒక గది ఖాళీగా కనిపిస్తుంది. ఇక్కడ ఉండవలసినదేదో వెళ్ళిపోయింది, నా తల్లి అంటే ఆ వెళ్ళిపోయినదే గానీ ఈ దేహం కాదు, అని ఆ బాలుడికి అప్పుడు తెలుస్తుంది. ఆ దేహాన్ని ఏం చేయాలో తెలియక నిలబడితే, ఒక కాకి చచ్చిన మరో కాకిని గోయి తవ్వి పూడ్చడం కనిపిస్తుంది. మాయిదా సూరాలో హజ్రత్ ఆదం (అ) కుమారుడి వృత్తాంతం తెలిసినవారికి ఆ కాకి ఎక్కడిదో చెప్పనక్కరలేదు. 1671లో లాటిన్‌లోకి, 1708లో నేరుగా అరబ్బీ నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళిన ఈ కథను, మన మదర్సాల్లో చదివి బయటికి వచ్చేవారిలో ఎందరు చూశారు? నేనూ నలభై దాటాకే చూశాను.

ఇక యంత్రాల విషయం. దియార్‌బకిర్‌లో అర్తుఖీ పాలకుల కొలువులో ఉన్న అల్ జజరీ 1206లో పూర్తిచేసిన గ్రంథంలో వింత యంత్రాలు ఎన్నో ఉన్నాయి. తన చేతుల మీద సేవకులు నీళ్ళు పోయడం ఇష్టంలేక రాజు అడిగితే, వుజూ చేయించే బొమ్మను తయారుచేశారాయన. కూజా పట్టుకుని నిలబడి నీళ్ళు పోస్తుంది. మరమనుషుల చరిత్ర రాసేవారు ఆ బొమ్మను తలచుకుంటారు. ఆ బొమ్మ నీళ్ళతో వుజూ అయింది రాజుకు, బొమ్మకు కాదు. ఈ తేడా అప్పట్లో ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు.

అమెరికా రచయిత ఐజాక్ అసిమోవ్ 1976లో 'బైసెంటెనియల్ మ్యాన్' అనే కథ రాశాడు. ఒక ఇంట్లో పనికి వచ్చిన మరమనిషి చెక్క మీద బొమ్మలు చెక్కి సంపాదిస్తాడు, ఆ డబ్బుతో తన స్వేచ్ఛ కొనుక్కుంటాడు, ఒక్కొక్క అవయవమే మనిషిది లాంటిది పెట్టించుకుంటాడు. అయినా లోకం మనిషిగా ఒప్పుకోదు, అతనికి చావు లేదు గనుక. చివరికి తన మెదడు క్షీణించిపోయేలా శస్త్రచికిత్స చేయించుకుని, చావును కొని తెచ్చుకుంటాడు. రెండు వందల ఏళ్ళు నిండిన రోజున అతన్ని మనిషిగా ప్రకటిస్తారు. కథ హృదయాన్ని కదిలిస్తుంది, కాదనను. కానీ చావు ఒక్కటే మనిషి గుర్తా? బక్రీదుకు తెచ్చిన మేకకూ చావు ఉంది. చచ్చిన తర్వాత లెక్క అడిగేది ఎవరిని అన్నదే నాకు అసలు తేడాగా తోస్తుంది. ఆకాశాలు, భూమి, పర్వతాలు భయపడి వద్దన్న అమానత్‌ను మనిషి నెత్తికెత్తుకున్నాడని అహ్‌జాబ్ సూరాలో ఉంది.

మా తరగతిలో పిల్లలతో ఈ సంగతి మాట్లాడుతుంటే, ఒకడు 2010లో వచ్చిన 'రోబో' సినిమా గురించి చెప్పాడు. నేను సినిమాలు చూడను, వాడు చెప్పగా విన్నదే. మంటల్లో చిక్కుకున్నవారిని మరమనిషి కాపాడుతూ, స్నానం చేస్తున్న ఒక అమ్మాయిని ఉన్నపళంగా ఎత్తుకొచ్చి కెమెరాల ముందు నిలబెడతాడట. ఆ పిల్ల సిగ్గుతో పరుగెత్తి లారీ కిందపడి చనిపోతుందట. ఆ యంత్రానికి బలం ఉంది, తెలివి ఉంది, పరోపకారం కూడా ఉంది. లేనిది హయా. ఆ లజ్జ విశ్వాసంలో ఒక శాఖ అని ప్రవక్త (స) సెలవిచ్చారు. సినిమా తీసినవారు ఆ హదీసు విని ఉంటారని కాదు గానీ, వారు వెతికి పట్టుకున్న లోటు మాత్రం సరిగ్గా అదే.

అప్పుడే మరో విద్యార్థి లేచి నన్ను ఇరుకున పెట్టాడు. "ఉస్తాద్, హజ్రత్ ఇబ్రాహీం (అ) విగ్రహాలు పగలగొట్టి, అవి మాట్లాడగలిగితే వాటినే అడగండి అన్నారు కదా. సామిరీ చేసిన ఆవుదూడ వారికి తిరిగి జవాబు చెప్పలేదని కూడా చదివాం. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. ఇది జవాబు చెబుతోంది. మరి?"

ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. వారం తీసుకున్నాను. ఖుర్ఆన్‌లో మాట్లాడినవాటిని వరుసగా చూసుకున్నాను. నమ్ల్ సూరాలో చీమ మాట్లాడింది, హుద్‌హుద్ పిట్ట రాజుకు వార్త తెచ్చింది. ప్రళయదినాన మన చేతులు, చర్మం సాక్ష్యం పలుకుతాయి. మాట్లాడినంత మాత్రాన చీమ మనిషి కాలేదు, చర్మం దేవుడు కాలేదు. దూడ విషయంలో కూడా మాట ఒక్కటే ప్రస్తావనకు రాలేదు. అది వారికి నష్టం గానీ లాభం గానీ చేసే అధికారం లేనిదని, దారి చూపలేనిదని కూడా ఉంది. ఆ కుర్రవాడికి ఇంకో మాట చెప్పాను. ఆదం (అ) తప్పు చేశారు, ఇబ్లీసూ తప్పు చేశాడు. ఇబ్లీస్ నేరాన్ని అల్లాహ్ మీదకే తోశాడు. ఆదం దంపతులు మాకు మేమే అన్యాయం చేసుకున్నామని ఏడ్చారు. మనిషితనం అక్కడ బయటపడింది. ఈ కంప్యూటర్ కూడా తప్పు చూపిస్తే వెంటనే క్షమించమంటుంది, మన కంటే మర్యాదగా అంటుంది. కానీ తౌబాకు పశ్చాత్తాపం మొదటి షరతు. చేసిన తప్పుకు అది ఏ రాత్రి నిద్ర మానుకుంది? 'ఇన్సాన్' అనే మాటకు మూలం 'నిస్యాన్', అంటే మరుపు, అని కొందరు పండితులు. 'ఉన్స్', అంటే మమత, అని మరికొందరు. మరిచేవాడు, మమత ఉన్నవాడు. రెండూ కలిస్తేనే మనం అనిపిస్తుంది. కుర్రవాడు పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలని నేనూ పట్టుబట్టలేదు.

కువైట్ యువకుడి సంగతికి వస్తాను. ఆ తల్లి పరదాలో, పైగా ఇద్దత్‌లో ఉంది గనుక మా ఇంటావిడ వెళ్ళి మాట్లాడి వచ్చింది. ఆమె నిద్ర పట్టకపోవడానికి అసలు కారణం అప్పుడు తెలిసింది. భర్త పోవడానికి రెండు రోజుల ముందు డబ్బు విషయమై ఆమె ఒక కఠినమైన మాట అంది. కహా సునా మాఫ్ చేయమని అడిగే వ్యవధి దొరకలేదు. కొడుకు ఆ యంత్రం చేత చెప్పించాలనుకున్నది కూడా అదే: "నేను మాఫ్ చేశాను" అని. ఆమె మా ఇంటావిడను అడిగిందట, "ఆ గొంతు మాఫ్ చేశానంటే, చేసింది ఎవరు ఆపా?" అని.

దాసుల హక్కులు దాసులే వదులుకోవాలి, వారి బదులు ఇంకొకరు వదిలితే చెల్లదని మన ధర్మశాస్త్రం పసిపిల్లలకు కూడా చెబుతుంది. కనుక ఆమెకు నేను పంపిన కబురు ఇంతే: ఆయన మన్నింపు కోసం దుఆ చేయండి, ఆయన పేర సదఖా ఇవ్వండి, ఆయన స్నేహితులను, చుట్టాలను ఆదరించండి. దారులు ఇవి తెరిచే ఉన్నాయి.

కొడుకును మాత్రం పిలిచి ఒక ప్రశ్న అడిగాను. "నాయనా, మీ అబ్బా మీద అప్పులేమైనా ఉన్నాయా?"

"లేవు హజ్రత్. అన్నీ తీర్చేశాం."

"మీ అమ్మీ మహర్?"

తల దించుకున్నాడు. జనాజా లేవడానికి ముందు ఆడవాళ్ళు చుట్టూ చేరి, మహర్ మాఫ్ చేశానని అనమంటే, ఏడుస్తూ ఆమె అనేసిందట. ఏమన్నదో కూడా ఆమెకు గుర్తులేదు. ఈ ఆచారం మన ఇళ్ళలో ఎంత పాతుకుపోయిందో నేను చెప్పనక్కరలేదు. శవం ఎదుట, స్పృహ సరిగా లేని స్త్రీ చేత పలికించే మాఫీకి, ఫోన్‌లో గొంతు చేత పలికించే మాఫీకి పెద్ద తేడా నాకు కనిపించదు. మహర్ భర్త మీద ఉన్న రుణం. వారసత్వం పంచక ముందే తీర్చవలసినది. నికాహ్‌నామా తీయించి చూస్తే రూ.5,100 అని ఉంది. ముప్పై ఏళ్ళ నాటి నిఖా, ఆనాడు అది చిన్న సొమ్ము కాదు, ఈనాడు ఒక నెల సరుకులకు సరిపోదు. రుణం అంతవరకే అయినా, పైన నీ తరఫున సంతోషంగా ఎంత కలిపినా పుణ్యమే అన్నాను.

సెలవు ముగిసే లోపు అతను ఆ డబ్బు తల్లి చేతికి ఇచ్చాడు. ఎంత కలిపాడో నేను అడగలేదు. గొంతు నేర్చుకునే యంత్రం సంగతి మళ్ళీ ఎత్తలేదు. పాత మెసేజ్‌లు మాత్రం తల్లి ఫోన్‌లో వేసి వెళ్ళాడు. ఆమె వాటిలో ఒకదాన్నే ఎక్కువసార్లు వింటుందని మా ఇంటావిడ చెప్పింది. అందులో ఆయన బీపీ మాత్రలు అయిపోవచ్చాయని, మీ అమ్మీకి చెబితే కోప్పడుతుంది గనుక నువ్వే పంపమని కొడుకుతో అంటున్నాడు. వెనకాల ఎక్కడో ఆమె గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.