ఎల్లమ్మ, యెల్లమ్మ: ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డులలో తెలుగు పేర్లు

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభమైంది. ఇందులో పౌరునికి లభించే 14 అంకెల ఆభా సంఖ్యతో వివిధ ఆసుపత్రులలోని చికిత్స వివరాలను ముడిపెట్టవచ్చు. ఆ ముడి ఇంకా పడని పాత రికార్డులను వెదకడానికి మొబైలు నంబరు, పేరు, లింగం, పుట్టిన సంవత్సరం ఆధారాలవుతాయి. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్నచోట భారమంతా పేరుపైన పడుతుంది.

వేటపాలెంలో మగ్గం నేసే ఎల్లమ్మ అనే స్త్రీని ఊహించుకోవచ్చు. ఆమె పేరును రోమన్ లిపిలో చీరాలలో 'ఈ' అక్షరంతోనూ, ఒంగోలులో 'వై' అక్షరంతోనూ మొదలుపెట్టి నమోదు చేశారనుకుందాం. పదాది ఎకారానికి ముందు యకారం పలకడం తెలుగువారికి సహజమే; యంత్రానికి మాత్రం ఆమె ఇద్దరు మనుషులు. మొదటిచోట రాసిన పెన్సిలిన్ అలర్జీ రెండవచోటి వైద్యునికి కనిపించదు. వేటపాలెం 2022 ఏప్రిల్ 4న ప్రకాశం జిల్లా నుండి బాపట్ల జిల్లాలోకి మారినందువల్ల చిరునామా సైతం పొంతన కుదరకపోవచ్చు.

ధ్వనిసామ్యంతో పేర్లను పోల్చే సౌండెక్స్ పద్ధతికి అమెరికాలో 1918లో పేటెంటు లభించింది (వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం వెలసినదీ ఆ ఏడాదే). మొదటి అక్షరాన్ని యథాతథంగా నిలిపి, తరువాతి అచ్చులను వదలి, హల్లులను వర్గాలవారీగా అంకెలలోకి మార్చడం దాని తీరు. 'లక్ష్మి'ని 'కె, ఎస్'లతో రాసినా 'ఎక్స్'తో రాసినా ఎల్-250 వస్తుంది. ఎల్లమ్మ మాత్రం ఈ-450, వై-450గా చీలిపోతుంది. మ, న లు రెండింటికీ 5 అంకెనే కేటాయించినందున రమ, రాము, రాణి, రేణు నలుగురూ ఆర్-500 అవుతారు. అచ్చుల హ్రస్వదీర్ఘాలే అర్థాన్ని మార్చే భాషకు ఈ సూత్రం పొసగదు.

ఒకరు ఇద్దరు కావడం కంటె ఇద్దరు ఒకరు కావడమే ఎక్కువ ప్రమాదకరం. రికార్డు దొరకనప్పుడు వైద్యుడు రోగినే అడిగి తెలుసుకుంటాడు. వేరొకరి రక్తవర్గమో, వాడుతున్న మందుల జాబితానో తెరపై స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు అడగవలసిన అవసరమే తోచదు.

పేరును తెలుగు లిపిలో కూడా నమోదు చేయడం న్యాయమైన మార్గం. అయితే అక్కడా చిక్కులున్నాయి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతంతో వచ్చినప్పుడు, ఐఫోన్లలో కొన్ని అనువర్తనాలు కుప్పకూలాయి, ఐఓఎస్ 11.2.6తో ఆ దోషం తొలగింది. 'జీరో విడ్త్ నాన్ జాయినర్' అనే ఆ సంకేతాన్నే 'శ్రీనివాస్' వంటి పొల్లుతో ముగిసే పేర్ల చివర కొన్ని కీబోర్డులు చేరుస్తాయి, కొన్ని చేర్చవు. చూపుకు రెండూ ఒకటే, పోలికలో వేరు. 'శైలజ'లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల కలయికగానూ రాయవచ్చు. యూనికోడ్ ప్రామాణిక ఏకరూపీకరణ ఐత్వాన్ని సరిచేస్తుంది కాని, పొల్లు తరువాతి అదృశ్య సంకేతాన్ని ముట్టదు. పేర్లను పోల్చడానికి ముందే దానిని ప్రత్యేకంగా తొలగించవలసి ఉంటుంది.