తుపాకుల సంతలో బేరం తగ్గింది!

మన దగ్గర వారానికోసారి సంత జరిగినట్టే, అమెరికాలో చాలా ఊళ్లలో శని, ఆదివారాల్లో తుపాకుల సంత జరుగుతుంది. పేరు గన్ షో. పెద్ద హాలు, వరసగా అద్దె టేబుళ్లు, వాటి మీద పిస్టళ్లు, రైఫిళ్లు, తూటాల డబ్బాలు. సొంత తుపాకీ అమ్ముకోవడానికి వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే అందులో తూటా లేదని చూపించాలి. ట్రిగ్గర్ కదలకుండా ప్లాస్టిక్ టై బిగించి లోపలికి వదులుతారు. టేబుల్ లేనివాళ్లు రైఫిల్ భుజాన వేసుకుని, గొట్టంలో ఓ పుల్ల గుచ్చి, దానికి ధర రాసిన కాగితం తగిలించి తిరుగుతుంటారు.

నేను టెక్సాస్‌లో ఉంటాను. తుపాకుల పిచ్చి లేదు కానీ సంతల పిచ్చి ఉంది. అందుకే వీలైనప్పుడల్లా వెళ్తుంటా. ఏటేటా నాకు కనిపిస్తున్నది ఒకటే. జనం ఉన్నారు, బేరాలే లేవు.

మొదటి కారణం జేబులో ఫోన్. ఇదివరకు పాత రివాల్వర్ అసలు ధర టేబుల్ వెనకాల కూర్చున్న పెద్దాయనకే తెలిసేది. ఇప్పుడు ఆయన ఆరు వందలు అనగానే అవతలివాడు గన్‌బ్రోకర్ వేలం సైటు తీసి, ‘ఇక్కడ ఐదొందలకే ఉందే’ అంటాడు. అయితే వేరే రాష్ట్రం నుంచి ఆన్‌లైన్‌లో కొన్న తుపాకీ బిర్యానీలా నేరుగా ఇంటికి రాదు. లైసెన్స్ ఉన్న దగ్గర్లోని షాపుకొస్తుంది. అక్కడ 4473 ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తయ్యాక తెచ్చుకోవాలి. షాపువాడికి ఫీజు కట్టినా చాలాసార్లు అదే చవక. పైగా ఇక్కడ టికెట్టు, పార్కింగు ఖర్చులు అదనం.

రెండోది, చవక సరుకు అయిపోయింది. సోవియట్ కాలం నాటి మోసిన్ నాగాంట్ రైఫిల్ 2010 ప్రాంతంలో వంద డాలర్ల చిల్లరకి దొరికేది. ఇప్పుడు మంచిది కావాలంటే దానికి మూడు నాలుగు రెట్లు పెట్టాలి. రష్యా తూటాలకు కొత్త దిగుమతి పర్మిట్లు 2021లోనే ఆపేశారు. దాంతో ఆ టేబుళ్ల మీదికి కత్తులు, టీషర్టులు, ఎండబెట్టిన మాంసం ప్యాకెట్లు వచ్చాయి. ఒక వరసలో లెక్కపెడితే తుపాకుల టేబుళ్లకంటే ఇవే ఎక్కువ!

అమ్మేవాళ్ల బాధ వేరు. ఒక ముసలాయన నాతో అన్నాడు: ‘ముప్ఫై రైఫిళ్లున్నాయి. పిల్లలకి అక్కర్లేదు. షాపుకిస్తే సగం ధర. ఇక్కడ అమ్మితే వ్యాపారం అంటారేమో!’ ఆయన భయంలో అర్థముంది. సొంత తుపాకులు అమ్ముకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు, లాభం కోసం వ్యాపారం చేస్తే కావాలి. లేకుంటే ఐదేళ్ల దాకా జైలు. ఎన్ని అమ్మితే వ్యాపారమో చట్టంలో లెక్క లేదు. 2022లో నిర్వచనం మార్చారు, 2024లో ఇంకా కఠినమైన నిబంధన తెచ్చారు. దాన్ని టెక్సాస్‌తో సహా కొన్ని రాష్ట్రాల్లో కోర్టు ఆపింది. ముసలాయన మాత్రం ఆగి ఆగి ఆలోచిస్తున్నాడు.

ఇక అసలు గొడవ. టెక్సాస్‌లో ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకానికి బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పనిసరి కాదు. అందుకే నేరగాళ్లంతా గన్ షోల్లోనే కొంటారని చాలామంది అనుకుంటారు. కానీ 2016లో ప్రభుత్వం ఖైదీలను సర్వే చేస్తే, నేరం చేసినప్పుడు తుపాకీ ఉన్నవాళ్లలో దాన్ని గన్ షోలో సంపాదించినవాళ్లు 0.8 శాతమే. అలాగని కన్నం పూడిందనను. ఇద్దరు అపరిచితులు ఫోన్లో మాట్లాడుకుని పార్కింగ్ లాట్‌లో కలిస్తే అక్కడా చెక్ ఉండదు. హాల్లో కనీసం పదిమంది చూస్తుంటారు. కాలిఫోర్నియా, కొలరాడోల్లోలాగా ప్రతి అమ్మకానికీ చెక్ ఉండాలన్నదే నా మాట. ఆ మాట హాల్లో గట్టిగా అనను లెండి.

మన స్టూడెంట్స్ కూడా సరదాగా వస్తుంటారు. తమ్ముళ్లూ, ఒక్క మాట. ఎఫ్1, హెచ్1బి లాంటి వీసాల మీదున్నవాళ్లు తుపాకీ కొన్నా, దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ‘ఫ్రెండ్ కొనిపెడతాడు’ అనే ఐడియా అసలొద్దు. వాడూ ఇరుక్కుంటాడు.

అన్ని సంతలూ పడుకున్నాయనుకోకండి. ఓక్లహోమాలోని టల్సాలో ఏప్రిల్, నవంబరుల్లో నాలుగు వేలకు పైగా టేబుళ్లతో జరిగే షోకి పాత తుపాకులు సేకరించేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. దెబ్బ తింటున్నది మా ఊరి హాల్లో జరిగేలాంటి చిన్నవి. ముసలాయనతో అదే అన్నా, టల్సా తీసుకెళ్లొచ్చుగా అని. నవ్వాడు. లైసెన్స్ లేనివాళ్లు వేరే రాష్ట్రంవాళ్లకి నేరుగా అమ్మకూడదు, మధ్యలో డీలర్ ఉండాలి. ‘ముప్ఫైకీ ముప్ఫైసార్లు ఫీజు కట్టించాలి’ అన్నాడు. నవంబరు దాకా చూస్తాడట.