ఆచారం వదిలిన తరువాత: గోరా, చలం, సరస్వతి

ఛత్రపురం గంజాం జిల్లా ముఖ్యపట్టణం. బరంపురం వైపు నుంచి వచ్చిన మన విద్యార్థులకు తెలిసిన ఊరే. 1902 నవంబరు 15న గోపరాజు రామచంద్రరావు పుట్టింది అక్కడ. అప్పటికి గంజాం మద్రాసు రాజధానిలో భాగం; 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. ఈ రామచంద్రరావే తరువాత ఇంటిపేరు మొదటి అక్షరమూ పేరు మొదటి అక్షరమూ కలుపుకొని ‘గోరా’ అయ్యారు. నిష్ఠగల బ్రాహ్మణ కుటుంబం. కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలలోనూ, ఆ తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోనూ చదువుకొని వృక్షశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నారు. మధురైలో, కోయంబత్తూరులో, కొలంబోలో ఉద్యోగాలు చేశారు. జంధ్యం వేసుకోనన్నందుకు 1928లో తండ్రి ఆయనను ఇల్లు విడిచి వెళ్ళమన్నారు. నాస్తికుడన్న కారణంతో 1933లో కాకినాడ కళాశాల ఉద్యోగం పోయింది. ఆ తరువాత బందరు హిందూ కళాశాలలో చేరారు. కొన్నేళ్ళకు అదీ వదులుకోవలసి వచ్చింది. 1940లో భార్యాబిడ్డలతో కృష్ణాజిల్లా ముదునూరు గ్రామం చేరి నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో దానిని విజయవాడకు మార్చారు.

ఇంతవరకు జీవితచరిత్ర. ఈ వ్యాసంలో ఆలోచించదలచిన విషయం వేరు. మతాన్ని విడిచినవాడు ఆ తరువాత సంఘంలో తగవులున్న ప్రశ్నలపై, అంటే కులం, పెళ్ళి, తిండి, స్త్రీ నడవడి, రాజకీయం మొదలైన వాటిపై, తన అభిప్రాయాన్ని ఎక్కడినుంచి తెచ్చుకుంటాడు?

నియమనిష్ఠలు గట్టిగా ఉన్న ఇంట్లో పెరిగినవాడికి జవాబులు ముందే సిద్ధంగా ఉంటాయి. ఎవరి చేతి నీళ్ళు తాగవచ్చు, ఏ గోత్రంవాళ్ళతో వియ్యమందవచ్చు, గ్రహణంనాడు గర్భిణి ఎక్కడ పడుకోవాలి అనేవి అతడు ఆలోచించి తేల్చుకోవలసిన ప్రశ్నలు కావు. జవాబులన్నీ ఒకే మూటగా కట్టి ఉంటాయి. మూట దించేసినవాడికి ముందు చేతులు తేలికవుతాయి, ఆ తరువాత భయం పట్టుకుంటుంది. సరిగ్గా అప్పుడే ఇంకెవరో ఇంకొక మూట అందిస్తారు. సంస్కరణ సమాజమో, పార్టీయో, ఫలానా ‘వాదమో’. దాన్ని ఎత్తుకోవడం తేలిక. దాని ముడి విప్పి ఒక్కొక్కటే చూసుకోవడం కష్టం.

రెండవ మూట ఎలా ఉంటుందో తెలియాలంటే కాకినాడ సంగతి కొంత చెప్పుకోవాలి. 1904 నుంచి 1919 వరకు పిఠాపురం రాజావారి కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్నవారు రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు (1862–1939). ఏకేశ్వరారాధకుడు, బ్రహ్మసమాజీకుడు. కళాశాలలో ఆడపిల్లలకూ, అస్పృశ్యులన్న పేర ఊరు దూరం పెట్టిన కులాల పిల్లలకూ చోటిచ్చినవారు. పెళ్ళిళ్ళలో భోగంమేళాలు పెట్టించే అలవాటుపై పెద్ద యుద్ధమే చేశారు. ఆ రోజుల్లో ఇల్లు విడిచి, జంధ్యం తీసి ఆయన దగ్గర చేరిన యువకులు చాలామంది. వారిలో గుడిపాటి వెంకటచలం ఒకరు. 1894లో మద్రాసులో పుట్టి, తెనాలిలో తాతగారింట సంప్రదాయంలో పెరిగిన చలానికి బ్రహ్మసమాజం మొదట తెరిచిన తలుపులాగా కనిపించింది.

విగ్రహం పోయింది, కులం పోయింది, జంధ్యం పోయింది. కాని ‘పవిత్రత’ పోలేదు. వెంకటరత్నం నాయుడుగారి సంస్కారం పునాది అదే. స్త్రీపురుష సంబంధం విషయంలో ఆ సమాజపు కట్టుబాటు పాత ఇంటి కట్టుబాటుకంటే వదులైనదేమీ కాదు. కొన్ని విషయాల్లో ఇంకా బిగువైనది. భోగంమేళం మానమన్న ఉద్యమం పిలిచినవాణ్ణి మందలించింది, ఆడినదాన్ని చీదరించుకొంది. మేళం ఆగిపోతే ఆమె ఏం తిని బతుకుతుందన్న ప్రశ్నకు దాని దగ్గర సరైన జవాబు లేదు. చలం బ్రహ్మసమాజంనుంచి కూడా బయటికి వచ్చారు. ఆ తరువాత వచ్చినవే ‘మైదానం’ (1927) వంటి నవలలు, స్త్రీకి తన శరీరంపై, తన మనస్సుపై ఉండే హక్కు గురించి ఆయన చేసిన వాదాలు. అవి సనాతనులకే కాదు, సంస్కర్తలకూ కోపం తెప్పించాయి. మొదటి ఇంటివారూ రెండవ ఇంటివారూ ఒకేసారి కోపగించుకొన్నారంటే ఆ మనిషి ఎవరి మూటా మోయడం లేదని అనుకోవచ్చు. చలం చెప్పినదంతా ఒప్పని దీని అర్థం కాదు. ఆయన కథల్లో స్వేచ్ఛ కోసం ఇల్లు దాటిన స్త్రీకి రేపటి అన్నం సంగతి రచయిత అంతగా పట్టించుకోలేదన్న విమర్శ ఉంది. అందులో న్యాయం ఉంది. మేళంవాళ్ళ విషయంలో సంస్కర్తలకు రాని ఆలోచనే ఇక్కడ ఈయనకూ రాలేదు.

ఈ చలమే 1950లో తిరువణ్ణామలై చేరి, 1979లో చనిపోయేదాకా రమణాశ్రమం ఛాయలోనే ఉండిపోయారు. తమిళనాడు విద్యార్థులకు ఆ ఊరు తెలియనిది కాదు. ఓడిపోయి వెళ్ళాడని కొందరన్నారు, చివరికి దారికి వచ్చాడని ఇంకొందరు సంతోషించారు. ఇద్దరిదీ ఒకటే పొరపాటని నా అభిప్రాయం. మతం విడవడాన్ని వాళ్ళు ఒక పార్టీలో చేరడంలాగా చూశారు; చేరినవాడు ఫిరాయించాడని లెక్కకట్టారు. ఒక మహర్షి దగ్గర మనశ్శాంతి వెతుక్కోవడం, మొగుడు పెళ్ళాన్ని కొట్టకూడదనడం వేరువేరు ప్రశ్నలు. ఒకదానికి ఇచ్చిన జవాబు రెండవదాన్ని రద్దు చేయదు.

గోరా దారి ఇంకొకటి. ఆయన వెనక్కు తిరగలేదు. అయితే ఆయనలోనూ మనం గమనించవలసింది నాస్తికత్వం ఒక్కటే కాదు, నాస్తికుడు కాబట్టి ఇలా అంటాడని ఎదుటివారు ఊహించినదాన్ని ఆయన తరచు అనకపోవడం. గాంధీతో ఆయన సంబంధమే ఇందుకు మంచి ఉదాహరణ. దేవుడంటే మీ ఉద్దేశమేమిటని 1930లోనే గాంధీకి ఉత్తరం రాశారు. 1944 చివర సేవాగ్రామం వెళ్ళి కలిశారు. వాళ్ళ సంభాషణలను 1951లో ఇంగ్లీషులో పుస్తకంగా అచ్చువేశారు. అస్పృశ్యత పోవాలంటే హిందువులు మనసు మార్చుకోవాలని గాంధీ అభిప్రాయం. హిందువు, ముసల్మాను, హరిజనుడు అనే పేర్లే పోవాలని గోరా వాదం. ఈ భేదం చివరిదాకా తీరలేదు. అయినా సత్యాగ్రహమనే సాధనాన్ని గోరా ఆ దైవభక్తుడి దగ్గరే నేర్చుకొని, జీవితాంతం వాడారు. ముదునూరు ప్రాంతంలో పున్నమి రాత్రుల్లో అన్ని కులాలవాళ్ళనూ ఒక పంక్తిన కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు. దేవుణ్ణి తిట్టే ఉపన్యాసంకంటే పక్కపక్కన వేసిన రెండు విస్తళ్ళు గట్టి వాదమని ఆయన గ్రహించారు.

పెద్దకుమార్తె మనోరమను దళిత యువకుడైన అర్జునరావుకిచ్చి పెళ్ళి చేయాలని గోరా తలపెట్టినప్పుడు గాంధీ తన ఆశ్రమంలోనే చేయిస్తానన్నారు. నాస్తికుల ఇంటి పెళ్ళిలో దేవుని పేర ప్రమాణమెలా చేయిస్తారన్న చిక్కు వచ్చింది. దేవుడనే మాటకు బదులు సత్యమనే మాట వాడడానికి గాంధీ ఒప్పుకున్నారు. ఆ పెళ్ళి చూడడానికి ఆయన బతికి లేరు. గాంధీ హత్య జరిగిన కొద్దివారాలకు, 1948 మార్చి 13న, సేవాగ్రామంలోనే అది జరిగింది. వార్ధా, నాగపూరు వైపునుంచి వచ్చిన విద్యార్థులు ఆ ఆశ్రమం చూసే ఉంటారు. అక్కడ ఒక తెలుగు ఇంటి పెళ్ళికోసం ప్రమాణవాక్యమే మారిందన్న సంగతి ఎందరు విన్నారో తెలియదు.

రాజకీయాల్లోనూ అంతే. దేవుడు లేడన్నవాడు కమ్యూనిస్టు అయి ఉంటాడని ఆనాటి కృష్ణాజిల్లాలో జనం సులువుగా అనుకొనేవారు. గోరా ఏ పార్టీకీ చెందలేదు సరికదా, పార్టీలే వద్దన్నారు. పార్టీ ఆజ్ఞకు తలవంచి చేయెత్తే సభ్యుడు తన ఊరివాళ్ళకు ప్రతినిధి కాడని ఆయన వాదన. 1961–62లో సేవాగ్రామంనుంచి ఢిల్లీదాకా కాలినడకన వెళ్ళి పార్టీరహిత ప్రజాస్వామ్యం గురించి, మంత్రుల నిరాడంబరత గురించి చెప్పారు. 1952లోనూ 1967లోనూ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. పార్టీ లేకుండా పెద్ద దేశంలో ప్రభుత్వం ఎలా ఏర్పడుతుంది, ఎలా నిలుస్తుంది అన్నదానికి ఆయన ఇచ్చిన వివరణ నాకు చాలదనే అనిపిస్తుంది. కాని అది ఆయన సొంత ఆలోచన. అరువు తెచ్చుకున్నది కాదు.

1972లో విజయవాడలో ఆయన గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి వడ్డించే స్నేహభోజనం ఏర్పాటు చేశారు. హిందువు ఒకటి, ముసల్మాను ఒకటి వదలాలని లెక్క. త్రాసు చక్కగానే తూగినట్లు కనిపిస్తుంది. అయితే పల్లెలో గొడ్డుమాంసం అలవాటుగా తినే దళితుడివైపునుంచి చూస్తే ఆ త్రాసు కొంచెం వాలుతుంది. అతనికది వదులుకోవలసిన నిషేధం కాదు, తిండి. ఆ తిండికోసమే అతణ్ణి ఊరు వెలిపెట్టింది. నిషేధాన్ని దాటడంలో ధైర్యం, ఆ నిషేధం ఉన్న ఇంట్లో పుట్టినవాడికే కనిపిస్తుంది. మతం విడిచినవాడు ఆ మతం వేసిన ప్రశ్నలను వెంటనే విడవలేడని ఇక్కడ తెలుస్తుంది. గోరాలాంటి వారికే ఇది తప్పలేదు.

ఇంతసేపూ మగవాళ్ళ సంగతే చెప్పాను. గోరా భార్య సరస్వతి (1912–2006) విజయనగరంలో పుట్టారు, పదేళ్ళప్పుడు పెళ్ళయింది. మగవాడికి మతం విడవడమంటే ఒకనాడు జంధ్యం తీయడం, ఒకనాడు సభలో మాట్లాడడం. ఇంటి ఇల్లాలికి అది రోజుకు పదిసార్లు ఎదురయ్యే పని: మడి, ఎంగిలి, మైల, పండుగ వంట, పేరంటం. గర్భిణిగా ఉండి గ్రహణం వేళ ఆమె బయటికి వచ్చి నిలబడ్డారు. కడుపులో బిడ్డకు ఏమైనా అయితే ఆ నింద ఎవరి నెత్తిన పడేదో ఆలోచించండి. భర్త ఉద్యోగం పోయినప్పుడల్లా పిల్లల్ని వెంటబెట్టుకొని ఊరు మారింది ఆమె. స్వాతంత్ర్యోద్యమంలో చంటిబిడ్డతో జైలుకు వెళ్ళింది ఆమె. నా మట్టుకు, ఈ ముగ్గురిలో ఎక్కువ వెల చెల్లించినవారు సరస్వతిగారే.

ఇప్పుడు మన సంగతి. ఆంధ్ర, తెలంగాణలకు వెలుపల తరతరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్ళలో బడి భాష వేరు, బజారు భాష వేరు. తెలుగు మిగిలింది వ్రతకథలో, పెళ్ళిపాటలో, తద్దినంనాటి బంధువుల మాటల్లో. అందుచేత ఒక కుర్రవాడు ఆచారం పాటించనంటే, తల్లికి అది దేవుణ్ణి కాదనడంగా మాత్రమే వినిపించదు. మన భాషను, మన మనుషులను వదిలిపోతున్నట్లు వినిపిస్తుంది. ఆమె భయాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం సరికాదు. అయితే భాషకు మతం ఒక్కటే ఇల్లు కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) సంస్కృత మంత్రాలకు బదులు తెలుగులో పెళ్ళి జరపడానికి ‘వివాహవిధి’ రాశారు. ఆ పీటల మీద కూర్చున్న జంటకు తాము చేస్తున్న ప్రమాణమేమిటో మొదటిసారి తెలిసింది. గోరా పిల్లల పేర్లు చూడండి. ఉప్పుసత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టినవాడు లవణం. యుద్ధం ముంచుకొచ్చిన 1939లో పుట్టినవాడు సమరం. ప్రపంచాన్ని నియంతలు వణికిస్తున్న రోజుల్లో నియంత. తొమ్మిదవ సంతానం నౌ. ఏ దేవుడి పేరూ లేదు, తాతల పేరూ లేదు. అందులో చాలావరకు అచ్చంగా ఆనాటి తెలుగు పత్రికలోని మాటలు. ‘నాస్తికుడు’ అన్న మాట కూడా అంతే. పూర్వం వేదప్రామాణ్యం ఒప్పుకోనివాణ్ణి అలా పిలిచేవారు; వాడుకలో తిట్టయింది. హేతువాది అన్న మర్యాదైన మాట దొరికినా, గోరా ఆ తిట్టునే పేరుగా పెట్టుకున్నారు.

ఆ లవణం 1960లో కవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను పెళ్ళి చేసుకున్నారు. తరువాత ఈ దంపతులు నిజామాబాదు జిల్లాలో జోగిని ఆచారం మాన్పించే పనికి పూనుకొన్నారు. దళిత బాలికను గ్రామదేవతకిచ్చి పెళ్ళిచేసి, ఊరందరి సొత్తుగా చేసే ఆచారమది. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీనిని నిషేధిస్తూ చట్టం చేసింది. కాకినాడలో వెంకటరత్నం నాయుడుగారు తలపెట్టిన ప్రశ్నే ఇది, ఎనభై ఏళ్ళ తరువాత. అయితే ఇక్కడ మాట పవిత్రత గురించి కాలేదు. ఆ స్త్రీకి చేతిపని ఏది, పెళ్ళి చేసుకుంటానంటే ఎవరు నిలబడతారు, పిల్లల చదువెలా అన్నవి ముందుకు వచ్చాయి. వర్నిలో వాళ్ళకోసం పెట్టిన నిలయానికి హేమలత ‘చెల్లి నిలయం’ అని పేరుపెట్టారు.