నూనె లెక్కలు కట్టే పెట్టె

పాత ఆటోమేటిక్ కారు ఒకటో గేరులోనే అరుస్తూ సాగి, ఎప్పటికో రెండో గేరులోకి పెద్ద కుదుపుతో పడిందంటే, చాలామంది నోట వెంటనే వచ్చే మాట ‘గేర్‌బాక్సు పోయింది’. ఈ తీర్పులో తొందర ఉంది. 1970ల నాటి అమెరికన్ కార్లలోని హైడ్రాలిక్ గేర్‌బాక్సు గాలిలోంచి నిర్ణయాలు తీసుకోదు. తనకు అందే రెండు కబుర్లను పోల్చి చూసి గేరు మారుస్తుంది. కబురు తప్పుగా అందితే, పెట్టెలోని పళ్లచక్రాలన్నీ నిక్షేపంగా ఉన్నా, గేరు తప్పుగానే పడుతుంది. అందుకే పెట్టె విప్పే ముందు కబుర్లు మోసేవాటిని పరీక్షించాలంటాను. ఇందుకు ఆధారం ఆ యంత్రం పుట్టుకలోనే ఉంది.

దాని భాగాలు దానికంటే పాతవి. మధ్యలో సూర్యుడిలా ఒక చక్రం, చుట్టూ గ్రహాల్లా తిరిగే చిన్న చక్రాలు, వాటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్లున్న వలయం: వీటిలో ఒకదాన్ని కదలకుండా పట్టుకుంటే గేరు నిష్పత్తి మారిపోతుంది. 1908 నాటి ఫోర్డ్ మోడల్-టీలోనూ ఇలాంటి గ్రహచక్రాల పద్ధతే ఉంది, కాకపోతే వాటిని పట్టి ఆపే పట్టీని బిగించే పని డ్రైవరు కాలిది. రెండు ఇనుప భాగాలను తగలనివ్వకుండా మధ్యలో ద్రవంతోనే శక్తిని అందించే పద్ధతికి జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంట్ పొందాడు. ఆయన ఆలోచన ఓడల గురించి. ఇక మిగిలింది, గేరు ఎప్పుడు మార్చాలో తేల్చే బుద్ధి. జనరల్ మోటార్స్‌లో ఎర్ల్ థాంప్సన్ నాయకత్వంలోని బృందం ఆ బుద్ధిని నూనెకు అప్పగించింది. అలా వచ్చిన ‘హైడ్రామాటిక్’ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో నాలుగు గేర్లతో, క్లచ్ పెడల్ లేకుండా జనం చేతికి అందింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఎం-5 స్టూవర్ట్ ట్యాంకులో రెండు కాడిలాక్ ఇంజన్ల వెనుకా అదే పనిచేసింది. సుకుమారపు యంత్రమన్న అపవాదుకు అంతకంటే జవాబు అక్కర్లేదు.

నూనె లెక్క ఎలా కడుతుందో 1969 మోడల్ కార్లతో వచ్చిన టర్బో-హైడ్రామాటిక్ 350లో చక్కగా కనిపిస్తుంది. వెనుక షాఫ్టు తిప్పే గవర్నర్ మొదటి కబురు పంపుతుంది. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి అమర్చిన గవర్నర్‌కు ఇది మనవడే. వేగం పెరిగేకొద్దీ బరువులు విచ్చుకుంటాయి, నూనె ఒత్తిడి పెరుగుతుంది. రెండో కబురు ఇంజన్ మీద పడే భారం గురించి. దాన్ని తెచ్చేది మాడ్యులేటర్ అనే చిన్న రేకు డబ్బా, ఇంజన్ మానిఫోల్డ్ నుంచి దానికి వచ్చే సన్నటి వ్యాక్యూమ్ గొట్టం. ఐడిలింగ్‌లో ఆరోగ్యంగా ఉన్న ఇంజను సుమారు 17 నుంచి 20 అంగుళాల పాదరసం వ్యాక్యూమ్ ఇస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే అది దాదాపు సున్నాకు పడిపోతుంది. ఈ రెండు ఒత్తిళ్లూ వాల్వుకు చెరోవైపు నిలబడి తోసుకుంటాయి. వేగం గెలిస్తే గేరు పైకి వెళుతుంది, భారం గెలిస్తే ఆగుతుంది.

ఇప్పుడు ఆ గొట్టం ఎండిపోయి పగిలిందనుకోండి. మాడ్యులేటర్‌కు వ్యాక్యూమ్ అందదు కాబట్టి, కారు చదునైన రోడ్డు మీద ఖాళీగా పోతున్నా, ఏదో గుట్ట ఎక్కుతోందనే పెట్టె నమ్ముతుంది. గేరు ఆలస్యం చేస్తుంది, క్లచ్ ప్లేట్లు జారకుండా ఒత్తిడి పెంచుతుంది. ఆలస్యం, కుదుపు కలిసే వస్తాయి. అసలు ఆ జంటే మంచి ఆనవాలు. డబ్బాలోని పొర చిరిగితే ఇంకో చిత్రం: ఇంజను ఆ గొట్టంలోంచి గేర్ ఆయిల్‌ను పీల్చి కాల్చేస్తుంది. కారు కింద ఒక్క చుక్క ఉండదు, ఆయిల్ మాత్రం తగ్గుతుంది, సైలెన్సర్ తెల్లటి పొగ కక్కుతుంది. గవర్నర్ ఇరుక్కుంటే కారు ఒకటో గేరును వదలకపోవచ్చు. అరిగిన ఇంజను వ్యాక్యూమ్ సరిగా ఇవ్వలేకపోయినా గేర్లు ఆలస్యమవుతాయి. జబ్బు ఇంజనుది, నింద గేర్‌బాక్సుది.

‘లోపలి ప్లేట్లు నిజంగానే అరిగిపోతాయి కదా, రబ్బరు సీళ్లు గట్టిపడతాయి కదా’ అని అడగొచ్చు. నిజమే. ఆ లోపలి అరుగుదలనూ తప్పుడు కబురునూ విడదీయడానికే పెట్టె పక్కన ఒత్తిడి కొలిచే రంధ్రం ఉంచారు. గేజి తగిలించి చూసినప్పుడు ఒత్తిడి సరిగా ఉండి, గేరు పడ్డాక కూడా ఇంజను వేగం ఎగిరిపోతూ కారు ముందుకు లాగకపోతే, జారుతున్నది లోపలి ప్లేట్లే. అసలు ఒత్తిడే తక్కువైతే ముందు డిప్‌స్టిక్ చూడాలి. నూనె తక్కువైతే పంపు గాలి మింగుతుంది, ఎక్కువైతే చక్రాలు దాన్ని నురగ చేస్తాయి; రెండూ ఒకే రకం జారుడుగా తేలతాయి. నూనె రకం కూడా లెక్కలోకి వస్తుంది. ఫోర్డ్ వారి టైప్-ఎఫ్ గట్టిగా పట్టే నూనె, డెక్స్‌రాన్ మెత్తగా పట్టేది. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే గేరు మారే తీరే మారిపోతుంది. (ఆ మెత్తదనం కోసం ఒకప్పుడు స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970లో అమెరికా దాన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చాక, రసాయన శాస్త్రవేత్తలు బదులు వెతుక్కోక తప్పలేదు.)

కంప్యూటర్ ఉన్న కార్లలో ఈ తంటా లేదు, స్కానర్ పెడితే చాలన్నది మరో మాట. 1989 మోడల్‌తో వచ్చిన క్రైస్లర్ అల్ట్రాడ్రైవ్ లాంటివాటిలో నిర్ణయం విద్యుత్తు చేతికి పోయిన మాట వాస్తవం. అయితే వేగాన్నీ భారాన్నీ చెప్పే సెన్సర్లు అక్కడా ఉన్నాయి, వాటి తీగలూ తెగుతాయి. మన దగ్గర ఆటోమేటిక్ పేరుతో అమ్మే ఏఎంటీ కార్ల సంగతి వేరు. వాటిలో ఉన్నది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని మోటారు చేస్తుంది.

‘పాత గేర్‌బాక్సుకు నూనె మారిస్తే చచ్చిపోతుంది’ అన్న నమ్మకం అన్నిటికంటే మొండిది. ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే బండి ఆగిపోయిన సందర్భాలు ఉండొచ్చు. కానీ ఆయిల్ మార్చాలని జనానికి ఎప్పుడు తోస్తుంది? గేరు జారడం మొదలయ్యాకే. అప్పటికే కాలిపోయిన ప్లేట్ల చావును కొత్త నూనె ఖాతాలో రాసేస్తున్నాం. అది తేల్చుకోవాలంటే పాన్ దించి అడుగున చూడాలి. పలచగా బూడిదరంగు జిగురుంటే అది వయసు తాలూకు అరుగుదల, కడిగి బిగించేయొచ్చు. నల్లటి పెళ్లలు, కాలిన వాసన, ఇత్తడి మెరుపులు కనిపిస్తే మాత్రం గొట్టాలూ గేజీలూ పక్కన పెట్టి గేర్‌బాక్సు దించాల్సిందే.