మైలేజీ మాట కూడా సాక్ష్యమే





“మీ బండి మైలేజీ ఎంత ఇస్తుంది?” ఇది మనం తరచుగా వినే ప్రశ్న. మసీదు వెలుపల చెప్పులు తొడుక్కుంటూ అడుగుతాం. వలీమా విందులో అడుగుతాం. మెకానిక్ షెడ్డు ముందు నిలబడి అడుగుతాం. సమాధానం కూడా క్షణంలో వస్తుంది: “60 ఇస్తుంది భాయ్!” ఆ 60 ఎలా తేలింది? కొలిచి చెప్పారా, ఇతరుల నోట విని చెప్పారా, ఊహించి చెప్పారా? ఈ సంగతి అడిగేవారు అరుదు. అడగకుండానే చెప్పేవారు మరీ అరుదు.

ఇంత చిన్న విషయం మింబరుపై ప్రస్తావించదగినదేనా అని కొందరికి అనిపించవచ్చు. దివ్య ఖుర్ఆన్‌లోని 83వ సూరా పేరు ‘అల్ ముతఫ్ఫిఫీన్’. కొలతల్లో, తూనికల్లో తగ్గించేవారు అని దాని భావం. పుచ్చుకొనేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇచ్చేటప్పుడు తక్కువ చేసేవారికి చేసిన హెచ్చరికతోనే ఆ సూరా ఆరంభమవుతుంది. ఆనాటి బజారులో కొలిచింది ధాన్యాన్ని, ఖర్జూరాలను. నేడు మనం కిలోమీటర్లను, లీటర్లను కొలుస్తున్నాం. బండి కొనేటప్పుడు ప్రతి కిలోమీటరుకూ లెక్క అడిగి, అదే బండిని అమ్మేటప్పుడు నోటికి వచ్చిన అంకె చెప్పే వ్యక్తి చేతిలో కూడా రెండు రకాల కొలపాత్రలు ఉన్నట్లే.

ఒక్క అంకె ఎంత నష్టం చేయగలదో లెక్క కట్టి చూద్దాం. హైదరాబాదులో ఇంటింటికీ భోజనం పొట్లాలు చేరవేసి జీవించే ఒక యువకుడు సెకండ్ హ్యాండ్ మోటారు సైకిలు కొంటున్నాడనుకోండి. లీటరుకు 60 కిలోమీటర్లు వస్తుందని అమ్మేవారు చెప్పారు. అతడు రోజుకు 120 కిలోమీటర్లు తిరగాలి. 60 చొప్పున 2 లీటర్లు చాలు. తీరా బండి 45 మాత్రమే ఇస్తే రోజుకు 2.67 లీటర్లు కావాలి. లీటరు 100 రూపాయలనుకున్నా రోజుకు దాదాపు 67 రూపాయలు, నెలలో 26 పనిదినాలకు 1,700 రూపాయలకు పైగా అదనపు భారం పడుతుంది. ఆ సొమ్ము అతని ఇంటి అద్దెలో నుంచో, పిల్లల ఫీజులో నుంచో పోవాలి. చెప్పినవారు ఆ మాటను ఆ సాయంత్రమే మరచిపోతారు. విన్నవాడు మాత్రం ప్రతి ఉదయం పెట్రోలు బంకులో దాని వెల చెల్లిస్తూ ఉంటాడు.

సోదరులారా! ఒక మాటను ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు నమ్మకూడదు అనే విషయంలో హదీసు పండితులు మనకు గొప్ప కొలబద్దను ఇచ్చి వెళ్ళారు. ఉల్లేఖకునిలో వారు ప్రధానంగా రెండు గుణాలు చూసేవారు. మొదటిది ‘అదాలత్’, అనగా నిజాయితీ, సచ్ఛీలం. రెండవది ‘జబ్త్’, అనగా విన్నదాన్ని హెచ్చుతగ్గులు లేకుండా భద్రపరచి, ఉన్నది ఉన్నట్లుగా అందించగల ఖచ్చితత్వం. మొదటి గుణం ఉండి రెండవది లోపించినవారు ఎందరో ఉన్నారు. ఆరాధనలో ఎంతటి నిష్ఠాపరులైనా, జ్ఞాపకం బలహీనమైతే వారి ఉల్లేఖనాలను పండితులు బలహీనమైనవిగానే పరిగణించారు. వారి భక్తిని శంకించి అలా చేయలేదు. ఆ మాటపై ఆధారపడబోయే ప్రజల మేలు కోరి అలా చేశారు. మైలేజీ గురించి మనం చెప్పే మాటను కూడా ఈ రెండు గుణాలతో పరీక్షించుకుందాం.

మొదట నిజాయితీ సంగతి చూద్దాం. లేని అంకెను పూర్తిగా కల్పించేవారు కొద్దిమందే. ఎక్కువమంది చేసేది వేరు. పదిసార్లు ట్యాంకు నింపితే తొమ్మిదిసార్లు 45, 46 వచ్చి, ఒక్కసారి ఖాళీ రహదారి మీద నిదానంగా వెళ్ళినప్పుడు 58 వస్తుంది. ఎవరైనా అడిగితే ఆ 58 ఒక్కటే నాలుక మీదికి వస్తుంది. అది అబద్ధం కాదని మనసు సర్దిచెప్పుకుంటుంది, ఎందుకంటే ఆ అంకె ఒకసారి నిజంగానే వచ్చింది. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూసిన సంఘటన మీకు తెలిసిందే. పైన పొడి గింజలు, లోపల తడి. వానకు తడిసిందని వ్యాపారి చెప్పుకున్నాడు. తడిసిన గింజలను జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. పైన ఉన్న గింజలు నిజంగా పొడివే. అయినా ఆ రాశి మోసమే అయింది. తొమ్మిది ట్యాంకులను దాచి ఒక్క ట్యాంకును చూపటం కూడా అటువంటిదే.

ఈ బలహీనతకు పెద్ద సంస్థలు కూడా అతీతం కాదు. హ్యుందాయ్, కియా కంపెనీలు అమెరికాలో తమ కార్ల మైలేజీని ఎక్కువగా చూపినట్లు 2012లో వెల్లడైంది. అనేక పరీక్షల ఫలితాల సగటు తీసుకొనే బదులు, అనుకూలంగా వచ్చిన ఫలితాలను వాడుకున్నారన్నది అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ చేసిన ముఖ్య ఆరోపణ. 2014లో ఆ కంపెనీలు 10 కోట్ల డాలర్ల జరిమానాకు అంగీకరించాయి. తొమ్మిది ట్యాంకులను దాచే మనిషి చేసేది ఇదే పని, పరిమాణంలో మాత్రమే తేడా.

అంకెను పెంచి చెప్పటమే కాదు, తగ్గించి చెప్పటమూ అన్యాయమే. 800 కిలోమీటర్ల ప్రయాణంలో లారీ లీటరుకు 4 ఇచ్చిందనుకుందాం. 200 లీటర్ల డీజిలు పడుతుంది. డ్రైవరు 3.8 వచ్చిందని చెబితే 210 లీటర్లకు పైగా లెక్క చూపవచ్చు. దశాంశ స్థానంలో చిన్న మార్పు వెనుక 10 లీటర్ల అమానతు మాయమైంది. అయితే యజమానులు కూడా ఇక్కడ అల్లాహ్‌కు భయపడాలి. లారీ ఖాళీగా తిరిగివచ్చినప్పుడు ఇచ్చిన మైలేజీనే నిండు లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కినప్పుడు కూడా చూపాలని పట్టుబట్టి, తేడాను జీతంలో కోసేవారు డ్రైవరును అబద్ధం వైపు నెడుతున్నారు. సత్యం చెప్పినవానికి శిక్ష పడే చోట సత్యం నిలవదు.

ఇక ఖచ్చితత్వం సంగతి. నిజాయితీపరులు కూడా ఇక్కడ తప్పటడుగు వేస్తారు. ట్యాంకు నిండా పోయించి, నడిపి, మళ్ళీ నింపి, నడిచిన కిలోమీటర్లను రెండవసారి పట్టిన లీటర్లతో భాగించటం మంచి పద్ధతే. అయితే ఒక్కసారి కొలిస్తే సరిపోదు. బంకు నాజిల్ ఒకసారి ముందుగా, మరొకసారి ఆలస్యంగా ఆగుతుంది. 250 కిలోమీటర్లకు 5 లీటర్లు పడితే మైలేజీ 50. అరలీటరు తక్కువ పట్టి నాజిల్ ఆగిపోతే 4.5 లీటర్లే లెక్కకు వచ్చి 55 దాటుతుంది. బండి మారలేదు, తేడా అంతా నాజిల్‌దే. ఇదే లెక్క వరుసగా పదిసార్లు నింపి, 2,500 కిలోమీటర్ల మీద వేస్తే అదే అరలీటరు పొరపాటు 1 శాతానికి తగ్గిపోతుంది.

సగటు వేయటంలోనూ ఒక చిక్కు ఉంది. ఒక కారు హైవే మీద 100 కిలోమీటర్లకు లీటరుకు 20, నగరంలో మరో 100 కిలోమీటర్లకు లీటరుకు 10 ఇచ్చిందనుకోండి. సగటు 15 అని చాలామంది అంటారు. హైవే మీద పట్టింది 5 లీటర్లు, నగరంలో పట్టింది 10 లీటర్లు. 200 కిలోమీటర్లను 15 లీటర్లతో భాగిస్తే వచ్చేది 13.3 మాత్రమే. మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించటమే సరైన లెక్క.

కంపెనీ కాగితంలోని అంకెను సొంత అనుభవంగా చెప్పటం మరొక లోపం. మన దేశంలో కార్లకు ఇచ్చే ఆ అంకె ప్రయోగశాలలో, రోలర్ల మీద నిలిపిన బండితో, 20 నిమిషాలకు కొంచెం తక్కువ సమయం నడిపి, గంటకు 90 కిలోమీటర్ల వేగం దాటకుండా, ఏసీ వేయకుండా తీసే కొలత. ఒక కారును మరొక కారుతో పోల్చటానికి అది పనికివస్తుంది. మీరు ఎండాకాలంలో ఏసీ వేసి, నలుగురిని ఎక్కించుకొని, సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ నడిపిన నడకకు అది సాక్ష్యం కాజాలదు.

సాక్ష్యం సరిగా లేకపోతే ఇతరులపై నిందలు కూడా పుడతాయి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చిన తరువాత మైలేజీ సగానికి పడిపోయిందని ఒకరు, ఇసుమంతైనా తగ్గలేదని మరొకరు వాదిస్తున్నారు. పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్‌లో లీటరుకు దాదాపు మూడో వంతు శక్తి తక్కువ. కనుక కొంత తగ్గటం సహజం. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ప్రణాళికా పత్రమే, ఈ మిశ్రమం కోసం రూపొందించని కార్లలో 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం తగ్గుదల ఉండవచ్చని అంచనా వేసింది. 50 ఇచ్చే బండి 48 ఇవ్వటం వేరు, 25కు పడిపోవటం వేరు. పాత లెక్క రాసుకోనివాడు కొత్త నష్టాన్ని ఎలా నిరూపిస్తాడు? నిజంగా నష్టపోయినవాని ఫిర్యాదు కూడా ఇటువంటి అతిశయోక్తుల మధ్య నలిగిపోతుంది.

బంకు యజమానిని అనుమానించేవారు కూడా ఇదే గుర్తుంచుకోవాలి. 5 లీటర్ల ప్రామాణిక కొలపాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు వినియోగదారునికి ఉంది. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడాను చట్టం అనుమతిస్తుంది. అది అర శాతం మాత్రమే. కొలిపించి చూసి తేడా ఎక్కువైతే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయండి. కొలిపించకుండానే ఒక మనిషిని దొంగ అనకండి.

మహాశయులారా! హదీసు పండితులు ‘జబ్త్’ను రెండు విధాలుగా చెప్పారు. హృదయంలో భద్రపరచటం ఒకటి, వ్రాతలో భద్రపరచటం మరొకటి. ఇంధనం విషయంలో మన జ్ఞాపకాన్ని నమ్ముకోవద్దు. బండిలో చిన్న పుస్తకం ఉంచుకోండి. ట్యాంకు నింపిన ప్రతిసారీ తేదీ, మీటరు అంకె, పోయించిన లీటర్లు రాయండి. బాగా వచ్చిన రోజును రాసి, రాని రోజును వదిలివేయకండి. ఎవరైనా అడిగితే ఇలా చెప్పండి: “గత 3 నెలల్లో 2,480 కిలోమీటర్లు తిరిగాను, 49 లీటర్లు పట్టింది. ఎక్కువగా నగరంలోనే, ఒంటరిగా నడిపాను. 50, 51 మధ్య వస్తోంది.” 50.61 అని చెప్పనవసరం లేదు. మీటరుకే కొంత తేడా ఉన్నప్పుడు రెండు దశాంశాలు చెప్పటం లేని జ్ఞానాన్ని చాటుకోవటమే. లెక్క రాయకపోతే “నేను కొలవలేదు” అనండి. తెలియనిదాన్ని తెలియదనటం మన ఉలమాలకు ఎన్నడూ చిన్నతనం కాలేదు.

బండి అమ్మేవారికి ప్రత్యేకంగా ఒక మనవి. ఆ పుస్తకాన్ని కొనేవారి చేతికివ్వండి. మైలేజీ తగ్గి ఉంటే ముందే చెప్పండి. ధర కొంత తగ్గవచ్చు. మిగిలిన ధర మీకు హలాల్‌గా దక్కుతుంది. కొన్నవాడు ప్రతి ఉదయం మిమ్మల్ని శపిస్తూ బండి స్టార్ట్ చేయడు.

ఓ అల్లాహ్! మా కొలతలను, మా మాటలను సరిదిద్దు. మా నోట వెలువడే ప్రతి అంకెకూ నీ ఎదుట జవాబు చెప్పుకోవాలన్న స్పృహను మాకు ప్రసాదించు. మా మాట విని తన కష్టార్జితాన్ని ఖర్చు చేసే ఏ సోదరుడూ మా వల్ల నష్టపోకుండా కాపాడు. ఆమీన్.