పెరటి మల్లెకు నీటి నియమం

మల్లెను ఉర్దూలో మోతియా అంటారు. 1753లో లినేయస్ ఇచ్చిన శాస్త్రనామంలోని ‘సంబక్’ కూడా అరబీ ‘జంబక్’ నుండి వచ్చినదే. ఇబ్రహీంపట్నం ఎర్రచల్క నేల దీనికి అనుకూలం. పడమటి గోడ వడగాడ్పును ఆపి, ఉదయపుటెండ నిండుగా పడే పెరటిమూల శ్రేష్ఠం, నీరు నిలువరాదు. ఇంతవరకు ఎవరూ పొరబడరు. చిక్కు శీతకాలంలోనే. జాలితో నీరు పోస్తూ ఉంటే పొద ఆకులతో ఏపుగా పెరుగుతుంది, పూలు మాత్రం అరుదు. డిసెంబరులో నీరు ఆపి, జనవరిలో కొమ్మలను మోకాలెత్తుకు కత్తిరించమని మేము చెబుతాము. సతతహరితమైన పొదను ఇట్లు ఎండగట్టుట కఠినమే! కాని మొగ్గలు కొత్త చిగుళ్ల కొననే పుడతాయి. లేతమొక్కకు మాత్రం ఈ నియమం వద్దు. కత్తిరింపు తరువాత చివికిన పశువుల ఎరువు వేసి, తిరిగి నీరు పెడితే మార్చి నుండి మొగ్గ తొడుగుతుంది. నిండు మొగ్గను పగలే కోసి ఉంచినచో సాయంత్రానికి విచ్చుకుంటుంది.